స్పీకర్ పెట్టె మీద అన్న చెయ్యి



మొన్న ఉగాది సభలో మా అన్నను చాలామంది చూసినారు. పాటల కచేరీ జరుగుతుంటే ముందువరస కుర్చీ వదిలేసి, వేదిక పక్కన ఉన్న పెద్ద స్పీకర్ దగ్గర స్టూలు వేసుకుని, ఆ పెట్టె మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు. ఇద్దరు ముగ్గురు పిల్లలు చూసి నవ్వినారు. పిల్లలను ఏమీ అనలేము. ఒక పెద్దాయన మాత్రం "ఏం సార్, స్పీకర్ పడిపోతుందని మీ అన్నగారికి భయమా?" అని అడిగినారు. అప్పుడు జవాబు చెప్పడానికి మాకు నోరు రాలేదు. అందుకని ఇక్కడ రాస్తున్నాము. నిడివి కొంచెం జాస్తి అవుతుంది, ఓపికగా చదవండి. తెలుగులో తప్పులుంటే మన్నించండి. మేము చదివింది తమిళ మీడియం అని మీకు తెలుసు.

మేము అంటే ముగ్గురం. చెల్లెలు, తమ్ముడు, ఈ రాత రాస్తున్న రైల్వే గుమాస్తా. ముగ్గురం మాట్లాడుకుని, ఒకరికొకరు చదివి వినిపించుకుని రాస్తున్నది కనక మేము అనే రాస్తాము. అన్న మాకందరికీ పైన. రాసేవాడికంటే ఎనిమిదేళ్లు పెద్ద.

మేము పుట్టి పెరిగింది పెరంబూరులో. నాయన లోకో వర్క్స్‌లో ఫిట్టరు. తాత కాలంలోనే నెల్లూరు వైపునుంచి వచ్చేసినారు. ఇంట్లో తెలుగు, వాకిలి దాటితే తమిళం. తెలుగు మాకు నోటి భాషే, కంటి భాష కాదు. బస్సు మీద తెలుగు అక్షరాలు కనబడితే జిలేబీ చుట్టలు చూసినట్టు చూసేవాళ్లం.

రేడియో మా ఇంట్లో లేదు. ఎదురింటి మామ ఇంట్లో ఉండేది. ఆయన రైల్వే అకౌంట్సులో పనిచేసేవారు, తమిళ బ్రాహ్మణులు, సాయంత్రాలు వయొలిన్ వాయించేవారు. రేడియో సిలోన్‌లో తెలుగు పాటలు వచ్చే వేళకు అన్న వాళ్ల తిన్నె మీద హాజరు. మీనాక్షి పొన్నుదురై గారి గొంతు వినబడగానే చేతిలో నోటుబుక్కు తెరిచేవాడు. ఘంటసాల, సుశీల, పి.బి. శ్రీనివాస్ ఎవరి పాట వచ్చినా ఒక ముక్క ఈ రోజు, ఒక ముక్క ఇంకో రోజు పట్టుకుని రాసుకునేవాడు. రాసింది తమిళ అక్షరాల్లో. వేరే అక్షరాలు తనకూ రావు కదా.

ఇక్కడే వచ్చింది చిక్కు. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకే అక్షరం. త, థ, ద, ధ కూ ఒకటే. ప, ఫ, బ, భ కూ అంతే. అన్న నోటుబుక్కు చూసి మేము పాడితే "గాలి" కాస్తా "కాలి" అయిపోయేది. "బాధ" అని రాసుకున్నదాన్ని చెల్లెలు "పాత" అని పాడేది. పాత ఏమిటో, ఎవరి పాతో మాకు తెలియదు, కళ్లు మూసుకుని దుఃఖంగా పాడేవాళ్లం. అమ్మ వంటింట్లోనుంచి నవ్వేది.

ఒకరోజు ఎదురింటి మామ అన్నను పిలిచి తన త్యాగరాజ కీర్తనల పుస్తకం చూపించినారు. అది కూడా తమిళ లిపిలోనే ఉంది, కానీ అక్షరాల పక్కన చిన్న చిన్న అంకెలు. క పక్కన 2 ఉంటే ఖ, 3 ఉంటే గ, 4 ఉంటే ఘ. తెలుగు కీర్తనలను తప్పు లేకుండా పాడుకోవడానికి తమిళులు చేసుకున్న ఏర్పాటు అది. ఆయన జీవితమంతా త్యాగరాజును పాడినవారు, అర్థం మాత్రం సగమే తెలుసు. అన్నకు అర్థం తెలుసు, అక్షరం తెలియదు. ఇద్దరికీ ఒప్పందం కుదిరింది. అన్న మాటలకు అర్థం చెప్పాలి, మామ తాళం నేర్పాలి. త్యాగరాజస్వామి తెలుగు, పెరంబూరు రైల్వే ఫిట్టరు కొడుకు తెలుగు ఒకటి కావు కనక అన్న కొన్ని అర్థాలు సొంతంగా కల్పించి చెప్పినాడని మాకు గట్టి అనుమానం. మామ ఏనాడూ తప్పు పట్టలేదు.

ఆ తాళాలు వచ్చి చేరింది ఎక్కడికంటే, ఫుట్‌బాలుకు.

వ్యాసర్‌పాడి, పెరంబూరు వాళ్లకు ఫుట్‌బాల్ గురించి చెప్పనవసరం లేదు. వ్యాసర్‌పాడిని మినీ బ్రెజిల్ అంటారు. మిగతా ఊరంతా క్రికెట్టు బ్యాటు పట్టుకుంటే మా వైపు పిల్లలు బంతిని కాలితో తన్నేవాళ్లు. బ్యాటు కొనాలి, బంతి అయితే ఎవరిదో ఒకరిది ఉంటుంది. అప్పటి తోలు బంతికి లోపల ట్యూబు, పైన లేసు. వాన పడితే నీళ్లు తాగి రాయి అయ్యేది. లేసు ఉన్న పక్క నుదుటికి తగిలితే గీత పడేది. మా తమ్ముడి నుదుటి మీద ఆ గీత ఇంకా ఉంది, పెళ్లిచూపుల్లో అడిగినారు కూడా.

అన్న లెఫ్ట్ ఔట్ ఆడేవాడు. మాకు బంతి నేర్పింది గోడకు కొట్టించి. ఒట్టిగా కాదు, ఆది తాళంలో. నాలుగు, రెండు, రెండు, మొత్తం ఎనిమిది. ఎనిమిదో లెక్కకు గోలు. అది చేతనయినాక మిశ్రచాపు నేర్పినాడు, మూడు, నాలుగు, ఏడు. "ఎదుటివాడు ఎనిమిదికి కాచుకుని ఉంటాడురా, నువ్వు ఏడుకే కొట్టెయ్" అనేవాడు. తమ్ముడు గోలీ. వాడికి వేరే పాఠం. కళ్లు మూసుకోమని, బంతి కాలికి తగిలిన చప్పుడును బట్టి అది నేల మీద వస్తుందా, గాలిలో వస్తుందా చెప్పమనేవాడు. "ముందు విను, తరువాత చూడు." ఈ మాట చెప్పింది ఎవరో గుర్తుపెట్టుకోండి.

రాత్రి పడుకునేముందు కథలు. రామాయణం అవ్వ చెప్పేది, 1962 జకార్తా అన్న చెప్పేవాడు. ఏషియన్ గేమ్స్ ఫైనల్లో కొరియాను 2-1తో ఓడించింది మన టీము. కోచ్ హైదరాబాదు రహీం సాహెబు. గోలులో తంగరాజ్. జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు వేసుకుని కూడా దిగి, డిఫెన్సువాడై ఉండి ముందుకు వెళ్లి గోలు కొట్టినాడు. వీళ్లందరిలో అన్నకు ప్రాణం తులసీదాస్ బలరాం. సికిందరాబాదులో పుట్టిన తమిళ పిల్లవాడు. "మనవాళ్లు ఇక్కడికి వచ్చినారు, వాళ్లవాడు అక్కడికి పోయినాడు, లెక్క సరిపోయింది" అనేవాడు. రోమ్ ఒలింపిక్సులో హంగరీ మీద బలరాం కొట్టిన గోలు అన్న చూడలేదు, మేమూ చూడలేదు. కానీ మా ఇంటి చాప మీద ఆ గోలు వంద సార్లు పడింది.

మ్యాచి ఉన్న రోజు పెరంబూరునుంచి నడిచి సెంట్రల్ దాకా పోయేవాళ్లం. స్టేడియం, మూర్ మార్కెట్టు పక్కపక్కనే. ముందు మూర్ మార్కెట్టులో పాత పాటల పుస్తకాలు వెతకాలి, తరువాత గ్యాలరీ. సినిమా హాళ్లలో అమ్మే ఆ పలచటి పుస్తకాలు అక్కడ కట్టలు కట్టలుగా దొరికేవి. ఒకరోజు వాటితో పాటు అట్ట లేని పెద్ద బాలశిక్ష ఒకటి తెచ్చినాడు. అప్పటికి అన్నకు పదిహేడేళ్లుంటాయి. నోటికి వచ్చిన పాట, ఎదురుగా తెలుగు అచ్చు. మాట ముందే తెలుసు కనక అక్షరం ఏదో పట్టుకోవచ్చు. ఆరు నెలల్లో తను నేర్చుకుని, తరువాత మమ్మల్ని కూర్చోబెట్టినాడు. ఇది గ, ఇది ఘ, పలికితే ఊపిరి ఎక్కడ తగులుతుందో చెయ్యి పెట్టి చూసుకో. మేము ఈ రోజు ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాస్తున్నామంటే అది ఏ బడి దయా కాదు. మన సంఘంలో తెలుగు తరగతి కోసం ఎన్నేళ్లుగా తీర్మానాలు చేస్తున్నామో లెక్కపెడితే సిగ్గేస్తుంది. ఒక చినిగిన బాలశిక్ష చాలింది మాకు.

1973లో ఒక పెద్ద ఆఫీసు టీముకు సెలక్షన్ జరిగింది. పేరు ఎందుకులెండి. మొదటి జాబితాలో అన్న పేరు ఉంది, నాయన కూడా పోయి కళ్లారా చూసి వచ్చినాడు. రెండో జాబితాలో లేదు. ఎందుకని అడిగితే కాగితం పైకి పోయింది అన్నారు. తరువాత ముప్పై ఏళ్లకు పైగా కాగితాలు పైకి పంపే ఉద్యోగమే మాలో ఒకడు చేసినాడు. పైకి పోయిన కాగితంలో ఒక పేరు ఎలా మారుతుందో ఇప్పుడు తెలుసు. అన్న మాత్రం ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. నాయనకు చెయ్యి నలిగి ఆదాయం తగ్గింది. అన్న ఒక ప్రైవేటు కార్ఖానాలో చేరినాడు. ఇనుప రేకులతో ట్యాంకులు చేసే చోటు. ట్యాంకు లోపల కూర్చుని గాలి సుత్తితో చెక్కే పని.

చేరిన కొత్తలోనే, 1974 ఫిబ్రవరి 11న, ఘంటసాల గారు పోయినారు. కొత్త ఉద్యోగం, సెలవు అడగలేకపోయినాడు. రాత్రి పదికి వచ్చి అన్నం వద్దని, దీపం వెయ్యకుండా గోడకు ఆనుకుని సన్నగా పాడుకున్నాడు. మేము నిద్రపోయినట్టు పడుకుని విన్నాము.

ఆ పని జాస్తి సద్దు. చెవుల్లో పెట్టుకోవడానికి అక్కడ ఇచ్చింది ఏమీ లేదు, అమ్మ ఇచ్చిన దూది తప్ప. ఓవర్‌టైం చేస్తే డబ్బు ఎక్కువ. టైపు ఇన్‌స్టిట్యూట్ ఫీజు, చెల్లెలి టీచరు ట్రైనింగు, తమ్ముడి ఐటీఐ, అన్నీ ఆ ఓవర్‌టైమే. నెల మొదటి వారంలో చెయ్యి చాపేవాళ్లం, ఇచ్చేవాడు. ఎన్ని గంటలు ఆ ట్యాంకులో కూర్చున్నావు అన్నా అని ఒక్కరం అడగలేదు. 1981లో రైల్వే ఆర్డరు వచ్చినప్పుడు కూడా స్వీట్లు పంచినామే కానీ అది అడగలేదు.

1985 మే నెల చివర మూర్ మార్కెట్టు తగలబడింది. అన్న మరునాడు పోయి చూసి వచ్చినాడు. చొక్కాకు కాలిన కాగితం వాసన. ఇప్పుడు ఆ చోట సబర్బన్ బండ్లు ఆగుతాయి.

మాకు సంగతి తెలిసింది 1986లో. మారడోనా ఇంగ్లండు మీద ఆడిన రాత్రి. పదకొండున్నరకు మొదలయింది. వీధి సగం పక్కింటి టీవీ ముందే. మారడోనా సగం గ్రౌండు దాటి, అందరినీ తప్పించి ఆ రెండో గోలు కొట్టినప్పుడు ఇల్లు ఎగిరిపోయింది. ఆ గోలలో అన్న, "కొంచెం సౌండు పెట్టండి, ఈ కామెంటరీ ఆయన గుసగుసలాడుతున్నాడు" అన్నాడు. అందరూ నవ్వినారు. మేమూ నవ్వినాము. చెల్లెలు నవ్వలేదు. అన్న మాట్లాడేవాళ్ల కళ్లు కాకుండా పెదవులు చూస్తున్నాడని అది చాలా రోజులుగా గమనిస్తూ ఉందట.

డాక్టరు చెప్పింది సూటిగానే. పెద్ద సద్దులో ఏళ్లకొద్దీ ఉంటే చెవి లోపల వెంట్రుకల్లాంటి సన్నని కణాలు చచ్చిపోతాయి, మళ్లీ మొలవవు. ముందు పోయేది సన్నని శబ్దాలు. పిట్ట కూత, స, శ, ఫ లాంటి అక్షరాలు. తరువాత మెల్లగా మిగతావి. మిషన్ పెట్టించినాము. మాటకు కొంత పనికివచ్చింది, పాటకు రాలేదు. "రేకుల డబ్బాలో పాడుతున్నట్టు ఉంది" అని తీసి మేజాలో పెట్టేసినాడు. కొన్నేళ్లకు ఒకరోజు అన్న తనే నవ్వుతూ అన్నాడు, "నాకిప్పుడు క, ఖ, గ, ఘ నాలుగూ ఒకటేరా. మళ్లీ తమిళం బడికి వచ్చేసినాను." నవ్వడానికి మాకు చాలా కష్టమయింది.

వదిన ఒక ఉపాయం కనిపెట్టింది. అన్నాన్ని పిలవాలంటే భుజం మీద ఆది తాళం వేస్తుంది. కాఫీ అంటే రెండు దెబ్బలు. కోపం వస్తే ఏ తాళమో మేము రాయము. ఫుట్‌బాల్ మాత్రం టీవీలో సద్దు లేకుండా చూస్తాడు. బంతి కదలకముందే అది ఎటు పోతుందో చెబుతాడు. 2020 సెప్టెంబరు 25న బాలసుబ్రహ్మణ్యం గారి వార్త టీవీలో కింద అక్షరాల్లో వచ్చింది. అన్న చదువుకుని, లేచి, పాత పాటల పుస్తకాల పెట్టె తీసి, ఒక్కొక్కటీ మడతలు సరిచేసి మళ్లీ పెట్టినాడు. సాయంత్రం దాకా అదే పని.

ఇక ఉగాది సభ సంగతి. స్పీకర్ పెట్టె మీద చెయ్యి పెడితే మద్దెల దెబ్బ అరచేతికి తెలుస్తుంది. అంతే. మూడో పాట జరుగుతుండగా అన్న మా వైపు తిరిగి చేత్తో మూడు వేళ్లు, వెంటనే నాలుగు వేళ్లు చూపించినాడు. తమ్ముడు పాట అయినాక తబలా వాయించిన కుర్రవాడి దగ్గరికి పోయి అడిగినాడు. మిశ్రచాపే. ఆ కుర్రవాడు అన్న దగ్గరికి వచ్చి కాళ్లకు దండం పెట్టినాడు. అది మీలో చాలామంది చూసి ఉండరు, భోజనాల గంట కొట్టేసినారు.

వచ్చే నెల మన పిల్లల ఫుట్‌బాల్ మ్యాచికి అన్న వస్తానన్నాడు. గోలు వెనక కుర్చీ వెయ్యమన్నాడు, వేస్తే చాలు. పలకరించాలనుకున్నవాళ్లు చెవి దగ్గర అరవవద్దు, ఎదురుగా నిలబడి మెల్లగా మాట్లాడండి, తెలుగయినా తమిళమయినా పెదవులు చదువుతాడు. ఇంకొక మాట. 1970కి ముందటి సినిమా పాటల పుస్తకాలు ఎవరింట్లోనయినా అటక మీద ఉంటే, పాత పేపరు వాడికి వేసేముందు మాకు ఒక్క మాట చెప్పండి. మేమే వచ్చి తీసుకుంటాము.