రోడ్డెక్కని బండ్లు

హైదరాబాదులోని బహదూర్‌పురాలో, జంతు ప్రదర్శనశాలకు చేరువనే, వంకాయ ఆకారంలో ఒక కారున్నది. ఎత్తు మడమల చెప్పు ఒకటి, క్రికెట్ బ్యాటు ఒకటి, కెమేరా ఒకటి. అన్నీ ఇంజనుతో నడిచే బండ్లే. పాఠశాల నాడే సైకిళ్ళతో కుస్తీ ఆరంభించిన కన్యబోయిన సుధాకర్, తుక్కు దుకాణాలలో దొరికిన సరంజామాతో వీటిని నిర్మించి, 2010లో ప్రదర్శనశాల తెరిచారు. 41 అడుగుల 7 అంగుళాల ఎత్తుగల మూడు చక్రాల సైకిలుతో 2005లో గిన్నిస్ పుటలకెక్కినదీ ఆయనే.

వంకాయను గీయడం ఎవరికైనా సాధ్యమే. దాని పొట్టలో ఇంజను వేడి పోవడానికి దారి, ముందు చక్రం తిరగడానికి చోటు, నడిపేవాడి చూపు ఆనేంత సందు అమర్చడమే విద్య.

1930లలోనే కాలిఫోర్నియా కుర్రకారు పాత ఫోర్డు కార్ల మడ్‌గార్డులు ఊడబెరికి, ఇంజన్ల జోరు పెంచి, ఎండిన సరస్సుల మీద పందేలు కట్టేవారు. అటువంటి బండ్లకే తరువాత హాట్ రాడ్ అన్న పేరు స్థిరపడింది. మన దేశంలో అంత వెసులుబాటు లేదు. తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దానినే ఖాయపరచింది. రాయపూర్‌లోనైనా రాజమండ్రిలోనైనా, పెరట్లో పాత జీపు విప్పుకున్న యువకుడికి ఇదే కట్టడి. తప్పుపట్టవలసినది లేదు, అతుకు ఊడితే దెబ్బ ఎదుటివాడికి కూడా. అయినా, రోడ్డెక్కే ఆశ లేనిచోట అంత ఓపికగా రేకు వంచేవారు ఎందరుంటారు?

బహదూర్‌పురాలో బండి పక్కన పలక ఉన్నది. నిర్మాణానికి పట్టిన కాలంతో పాటు, అది అందుకోగల వేగం కూడా దాని మీద రాశారు.