బ్రిడ్జి బల్ల దగ్గర తీర్పరి

క్లబ్బుల్లో జరిగే డూప్లికేట్ బ్రిడ్జి పోటీల్లో తీర్పు చెప్పే డైరెక్టర్ చాలాచోట్ల జీతం తీసుకోని సభ్యుడే. ఒక్కోసారి తానూ ఆడుతూ, పిలుపు రాగానే ముక్కలు బోర్లించి లేస్తాడు. పిలిచినవాళ్లు అతనికంటే మేటి ఆటగాళ్లు కావచ్చు; చెల్లేది మాత్రం అతని మాటే. ఆ అధికారం నైపుణ్యం వల్ల వచ్చింది కాదు, 2017 నాటి నిబంధనలు ఇచ్చింది. పొరపాటును ఎవరైనా ఎత్తిచూపితే వెంటనే డైరెక్టర్‌ను పిలవాలి. ఆటగాళ్లు తమలో తామే తీర్పు చెప్పుకోకూడదు.

తన వంతు కాకుండానే ఒకరు తొలి ముక్కగా ఇస్పేటు రాజు వేశారనుకుందాం. వేలంపాట గెలిచి ఆట నడిపే డిక్లేరర్‌కు ఐదు దారులుంటాయి: ఒప్పుకొని, తన ముక్కలు బల్లమీద పరిచి తానే డమ్మీ కావడం, ఒప్పుకొని మామూలుగా ఆడడం, అసలు వంతువాణ్ణి ఇస్పేటే వేయమనడం, ఇస్పేటు వద్దనడం, లేదా ఏదైనా వేయనిచ్చి ఆ రాజును జరిమానా ముక్కగా బల్లమీదే ఉంచడం. ఇక్కడ నిబంధనల పుస్తకం తెలిస్తే చాలు.

వేలంలో భాగస్వామి తటపటాయించాక పాడిన పాట, ఆ తటపటాయింపు ఇచ్చిన సూచనను వాడుకోని న్యాయమైనదేనా అన్నది వేరే సంగతి. అక్కడ డైరెక్టర్ అదే స్థాయి ఆటగాళ్లకు ముక్కలు చూపి, తటపటాయింపు ఊసెత్తకుండా, ఏం పాడతారని అడుగుతాడు. నిపుణత వారిది, నిర్ణయం అతనిది.

అప్పీలుకు సాధారణ గడువు 30 నిమిషాలు. అప్పీళ్ల కమిటీ డైరెక్టర్ అంచనాను మార్చగలదు. నిబంధన విషయంలో మాత్రం, మార్చుకొమ్మని సిఫారసు చేయడం వరకే సాధారణంగా దాని హక్కు.