ఎర్రగడ్డ నుంచి తమ్ముడికి

ఎర్రగడ్డ (హైదరాబాదు), ఆదివారం రాత్రి

చిరంజీవి రవికి,

కొత్త పనులు పుట్టాలంటే ఊరి ప్లాను ఎలా ఉండాలో నీ ప్రాజెక్టు కోసం చూసి రాయమన్నావు. హైటెక్ సిటీ అద్దాల మేడలు తర్వాత చూద్దామని ముందు ఇక్కడి ఆదివారం సంతకి వెళ్ళాను.

రోడ్డు వారన పాత డ్రిల్లింగ్ మిషన్లు, విప్పిన ఫోన్లు, మోటార్లు, స్పానర్లు గోనెపట్టాల మీద పరిచి అమ్ముతున్నారు. ఒక పాలిటెక్నిక్ కుర్రాడు పాడైన ప్రింటర్ బేరమాడుతున్నాడు. ఎందుకని అడిగితే, "ప్రింటర్ కాదక్కా, లోపలి మోటారు కావాలి" అన్నాడు. కొత్త మోటారు ధర చూసి మానుకోవాల్సిన ప్రయోగం ఇక్కడ మొదలైపోతుంది.

పక్కనే సనత్‌నగర్. 1942లో ఆల్విన్ కంపెనీ పుట్టింది అక్కడే. డబుల్ డెక్కర్ బస్సుల బాడీలు కట్టింది, ఫ్రిజ్‌లు చేసింది. కాస్త అవతల బాలానగర్‌లో ప్రభుత్వం ఐడీపీఎల్ మందుల ఫ్యాక్టరీ పెట్టింది, 1968లో టూల్ డిజైన్ సంస్థా వచ్చింది. ఈ రెండూ సర్కారు వేసిన ప్లాను. కానీ ఆ తర్వాత జరిగిందంతా కాగితం మీద గీసింది కాదు. ఐడీపీఎల్‌లో పనిచేసిన అంజిరెడ్డిగారు బయటికొచ్చి, తర్వాత 1984లో డాక్టర్ రెడ్డీస్ మందుల కంపెనీ మొదలుపెట్టారు. అక్కడ పని నేర్చిన ఇంకెందరో ఇదే దారి పట్టారు. ఐడీపీఎల్ చితికిపోయింది కానీ, అందులో పని నేర్చినవాళ్ళు ఊరు విడిచి పోలేదు. వాళ్ళకి కావలసిన లేత్ షెడ్లు, వెల్డర్లు దగ్గర్లోనే ఉన్నారు. హైదరాబాదు మందుల పరిశ్రమకి పునాది ఆ ఇరుగుపొరుగే అని నా నమ్మకం.

యూసుఫ్‌గూడ, మంగళవారం

రవీ,

ఎర్రగడ్డలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో రైలు మారి ఇక్కడ దిగాను. కొండ మీద జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్. కింద కృష్ణానగర్. పైన స్టూడియోలు, పెద్ద ప్లాట్లు, గేట్ల వెనక మేడలు. కింద ఇరుకు సందులు. ఒకే బిల్డింగులో కింద టిఫిన్ సెంటర్, మొదటి అంతస్తులో కాస్ట్యూమ్స్ అద్దెకిచ్చే దుకాణం, ఆ పైన ఎడిటింగ్ గది. తెల్లవారకముందే జూనియర్ ఆర్టిస్టుల కోసం షూటింగ్ వ్యాన్లు వస్తాయి. కథ రాసుకునేవాడు, లైట్‌మన్, డబ్బింగ్ చెప్పే అమ్మాయి ఒకే హోటల్లో టీ తాగుతారు. చేతిలో పెద్దగా డబ్బు లేకపోయినా కెమెరా రోజు అద్దెకి తెచ్చుకుని, ఎదురు గదిలో ఎడిటింగ్ చేయించుకుని షార్ట్ ఫిల్మ్ తీసేయొచ్చు.

ఇది స్టూడియోలు కట్టగానే జరిగిపోలేదు. ఇక్కడికి దగ్గర్లోని సారథీ స్టూడియోలో తీసిన 'మా ఇంటి మహాలక్ష్మి' 1959లోనే వచ్చింది. అన్నపూర్ణ స్టూడియోస్ 1976లో మొదలైంది. అయినా తెలుగు సినిమా పరిశ్రమ మద్రాసు వదిలి పూర్తిగా రావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. లాబ్‌లూ, వాద్యకారులూ, టెక్నీషియన్లూ అక్కడే ఉన్నారు మరి. స్థలం ఇస్తే స్టూడియో లేస్తుంది. పనివాళ్ళు నిలవాలంటే వాళ్ళకి అందే అద్దెలో గది దొరకాలి. జూబ్లీహిల్స్ లేఅవుట్ గీసినవాళ్ళు అలాంటి గదులకి చోటివ్వలేదు. ఆ లోటు తీర్చింది కృష్ణానగరే. సినీ కార్మికులకి మణికొండ దగ్గర చిత్రపురి కాలనీ కట్టారు. సొంత ఇల్లు గొప్ప విషయమే, నేను కాదనను. కానీ ఇల్లూ పనీ దూరమైతే ఆ టీ హోటల్ కబుర్లు సాగవు.

నీ ప్రాజెక్టుకి పనికొచ్చే ఇంకో సంగతి. ఇక్కడే చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ ఉంది, ఇప్పటి పేరు నిమ్స్‌మే. 1964లో హార్వర్డ్ మనస్తత్వవేత్త డేవిడ్ మెక్లెలాండ్ ఈ సంస్థతో కలిసి చిన్న వ్యాపారులకి శిక్షణ ఇచ్చి, వాళ్ళలో కొత్త వ్యాపారాలకి చొరవ పెరుగుతుందేమో పరీక్షించాడు. అందుకు ఎంచుకున్నది ఎవరిననుకున్నావు? మన కాకినాడవాళ్ళని! శిక్షణ పొందినవాళ్ళు మిగతావాళ్ళకన్నా చురుగ్గా ముందుకెళ్ళారని తేలింది. నాన్నకి చెప్పు, సంతోషిస్తారు.

రాయదుర్గం, గురువారం

రవీ,

స్టార్టప్‌ల కోసం కట్టిన టీ-హబ్ కొత్త భవనం (2022), కొత్త వస్తువుల నమూనాలు చేసుకునే టీ-వర్క్స్ (2023) చూశాను. టీ-వర్క్స్ నాకు బాగా నచ్చింది. ఆలోచన ఉన్నవాడికి యంత్రం అందుబాటులోకి తెచ్చారు. కానీ బయట నడిచి రోడ్డు దాటడమే గండం. పక్కన చిన్న షెడ్డు పెట్టుకుందామన్నా ఈ అద్దెలకి ఎవరు నిలబడగలరు?

అమెరికాలో జేన్ జేకబ్స్ అనే ఆవిడ 1961లోనే రాసింది, కొత్త ఆలోచనలకి పాత బిల్డింగులు కావాలని. కొత్త బిల్డింగుల అద్దెలు ప్రయోగాలు చేసేవాళ్ళు భరించలేరన్నది ఆవిడ వాదన. ఎర్రగడ్డ, బాలానగర్, కృష్ణానగర్ చూశాక ఆ మాట నాకు పూర్తిగా ఒంటబట్టింది.

నీ కాకినాడ మ్యాపులో జగన్నాథపురం వైపు పడవ మోటార్లు బాగుచేసే షెడ్లున్న చోట 'కమర్షియల్ కాంప్లెక్స్' అని రంగు వేశావు. అది చెరిపెయ్యి. ముందు ఆ షెడ్ల దగ్గరికి వెళ్ళి, ఎవరు ఎవరి దగ్గర సామాను కొంటున్నారో, నెలకి అద్దె ఎంత కడుతున్నారో అడిగి రాసుకో. ఆ అద్దె పెరగకుండా, ఆ మనుషులు కదలకుండా రోడ్డు, డ్రైనేజీ, ఫుట్‌పాత్ ఎలా ఇవ్వొచ్చో గీసి, గైడుకి చూపించేముందు నాకు పంపు.

మీ అక్క