అయ్యో అన్న యంత్రం

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి కంప్యూటరు గొడవ దేనికంటారా? మా అమ్మ పాడిన పెళ్ళిపాటలన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయండీ. అమ్మ ఇప్పుడు లేదు.

మొన్న దాన్ని పెట్టగానే తెర బిగుసుకుపోయింది. మూడుసార్లు పెట్టాను, మూడుసార్లూ అంతే.

మా మేనల్లుడు చూసి, "కెర్నల్ పడిపోయింది మామయ్యా" అన్నాడు. నాది లినక్స్, 1991లో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టగా, నేడు దేశదేశాలవాళ్ళు కలిసి రాస్తున్నారు. కెర్నల్ అంటే యంత్రాన్ని నడిపే పెద్ద గుమాస్తా. ఫైల్ సిస్టమ్ అంటే ఏ అరలో ఏముందో రాసుకున్న చిట్టా, దాన్ని చదివే పద్ధతీను. నా చిట్టాలో ఒక అంకె చెడింది. గుమాస్తా సరిచూడకుండా నమ్మి, లేని అరలో చెయ్యి పెట్టాడన్నమాట! పడిపోతూ రాసే వాంగ్మూలానికి వాళ్ళు పెట్టుకున్న పేరు "ఊప్స్". మన "అయ్యో"యే గదా!

"రాసినవాళ్ళకు తెలియజేయండి" అన్నాడు. అమ్మ, పాటలు, నా బాధ అన్నీ కలిపి రెండు పేజీలు రాశాను. వాడు మెల్లగా కొట్టేశాడు. మిగిలినవి నాలుగే: ఏ వెర్షను, నేనేం చేశాను, ఏం జరిగింది, ఊప్స్ యథాతథంగా. వ్యాసరచన నేర్పే నాకు చిన్నతనమనిపించింది సుమండీ.

కొన్నాళ్ళకు జవాబొచ్చింది. అంకెను ముందే సరిచూసే నాలుగు పంక్తులు చేర్చారు. కింద, తెలియజేసినవారు అంటూ ఇంగ్లీషులో నా పేరు!

ఈసారి యంత్రం పడలేదు. చిట్టా చెడిందని మర్యాదగా చెప్పింది. మావాడు బాగుచేస్తే పాటలు వచ్చాయి, రెండు తప్ప. ఆ రెండూ మా అక్కకు నోటికి వచ్చు. ఆదివారం బయల్దేరుతున్నాను.