కమలాపురములో నొక పూలమడి

ఊరిపేరు విని యూహలు కట్టుకొనుట మన యందఱకును గల యలవాటే. మేము కమలాపురమునకు బోవుచున్నామని చెప్పినప్పుడు మా పొరుగింటి యామె, "అక్కడ తామరకొలనులు బాగుగ నుండును గాబోలు" ననెను. రాయలసీమ నెఱిగినవారు ఆ మాటకు నవ్వక మానరు. కడప జిల్లాలో సగటున నేటికి సుమారు 700 మిల్లీమీటర్ల వాన కురియును. ఆ కురిసెడిదైనను వేళకు గురియదు. వేసవి ముదిరినచో నీటికొఱకు బిందెలు వరుసదీరు నూళ్ళు ఆ సీమలో పెక్కులు. అట్టి చోటికి మేము, మా చెల్లెలు కలసి పూలతోట చూడ బోయితి మనిన వినువారికి వింతగనే తోచును.

ఆ తోట మా పెద్దమ్మది. ఆమెకు డెబ్బదియేండ్లు దాటినవి. పెదనాయనగారు పోయినది మొదలు ఆ యింట నొంటిగనే యున్నది. ఒక్కతే కూతురు, పెండ్లియై, పెనిమిటితోడను బిడ్డలతోడను అమెరికాలో కాపురమున్నది. తన పెరటిలో పూచిన యొక పూవు ఫొటోను ఆ కూతురు తల్లికి బంపినదనియు, తరువాత సెలవులకు వచ్చినప్పుడు ఆ విత్తనములను దెచ్చి యిచ్చినదనియు, పెద్దమ్మ వానిని నాటి పెంచుచున్నదనియు మేము వినియుంటిమి. అమెరికా పూవు కమలాపురపు టెండకు నిలిచినదా యని చూడవలెనని మా కోరిక.

పుష్యమాసమున కడపలో రైలెక్కితిమి. కమలాపురము కడపకు వాయవ్యమున సుమారు 25 కిలోమీటర్ల దూరమున, ఎఱ్ఱగుంట్లకు బోవు దారిలో నున్నది. కిటికీకి రెండువైపులను నల్లరేగడి చేలు కనబడెను. వేసవిలో చేయి పట్టునంత బీటలు వారు నేల యది. వానకాలములో కాలు పెట్టిన చెప్పుతో గూడ వదలని జిగట. ఊరిని ఒరసికొని పాపఘ్ని పాఱును. నందికొండల ప్రాంతమున బుట్టిన యా యేఱు కమలాపురమునకు దగ్గఱనే పెన్నలో గలియును. సంవత్సరములో పెక్కు నెలలు అది యిసుకయే. అట్టి యేఱు 2021వ సంవత్సరము నవంబరులో పొంగి పొరలి, కమలాపురముకడ తనపై నున్న వంతెనను గూల్చినది. నీరు లేక బాధ, వచ్చినచో నాపరాని బాధ. ఆ సీమవారి బ్రదుకు ఈ రెంటి నడుమనే.

పెద్దమ్మ యిల్లు నాపరాతి యిల్లు. నేలకు నాపబండలు, మెట్లకు నాపబండలు, పెరటికి ప్రహరిగ నిలువబెట్టినవియు నాపబండలే. కాళ్ళు కడుగుకొని లోనికి బోవకమునుపే మేము పెరటిలోనికి దారి తీసితిమి. మడినిండ పసుపు చామంతులు విరగబూచి యున్నవి. అమెరికా పూవు మాత్ర మెందును గానరాలేదు.

"పెద్దమ్మా, చెల్లెలు దెచ్చిన పూలచెట్లేవి?" అని యడిగితిమి.

ఆమె కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, "అవి ఎప్పుడో పోయినాయమ్మీ. పాప ఫోనులో అడిగినప్పుడంతా బాగుండాయి అని చెప్తాండా. ఏం చెప్పేది?" అనినది.

ఆ రాత్రి భోజనములైన పిదప నామె జరిగినదంతయు జెప్పెను. మన సోదరీమణులకు బనికివచ్చు సంగతులు అందు గలవు గనుక, కొంత మేము చదివి తెలిసికొన్నదానిని జేర్చి వ్రాయుచున్నాము.

ఆ పూవు పేరు ఎకినేషియా. ఇంగ్లీషువారు దాని నడిమి భాగము శంకువువలె లేచియుండుటచే కోన్ ఫ్లవర్ అందురు. ఉత్తర అమెరికా ఖండపు నడిమి, తూర్పు ప్రాంతములలోని పచ్చికబయళ్ళు దాని పుట్టినిల్లు. అచ్చటి యాదిమజాతులవారు దాని వేళ్ళను పంటినొప్పికిని, పాముకాటునకును మందుగ వాడుచుండిరి. 1794లో మోంక్ అను జర్మను పండితుడు దాని కీ పేరు పెట్టెను. గ్రీకుభాషలో ఎకినోస్ అనగా ఒడలెల్ల ముండ్లు గల యొక చిన్న జంతువు. పూవు నడుమ దడిమినచో చేతికి గఱుకుగ దగులుటచే నా పేరు వచ్చినది. చుట్టును గులాబివన్నె రేకులు క్రిందికి వ్రాలియుండును. చామంతి, బంతి, పొద్దుతిరుగుడు పూవుల కుటుంబమే దానిదియు. ఈ కుటుంబములో మనము ఒక పూవని చూచునది నిజమున కొక్క పూవు కాదు. నడిమి దిమ్మెమీద వందలకొలది చిన్నపూవులు కూడియుండును. చుట్టునున్న ఒక్కొక్క రేకును ఒక్కొక్క పూవే.

ఆ చెట్టు రెండు మొదలు నాలుగడుగుల యెత్తు పెరుగును. దినమునకు ఆఱుగంటల యెండ దానికి గావలెను. వేరు దిగినపిదప నీటియెద్దడికి నోర్చును. ఎరువు మితిమీరినచో కాడలు బలహీనమై యొరగిపోవును. ఒకసారి నాటినది యేటేట మొలచి పూచును. మూడు నాలుగేండ్ల కొకసారి దుబ్బును ద్రవ్వి విడదీసి నాటుకొందురు. వాడిన పూలను ద్రుంచుచుండినచో క్రొత్తమొగ్గలు తొడుగును; కడపటి పూలను ద్రుంపక విడిచినచో గింజలు పిట్టల కాహారమగును. ఎండకును నీటియెద్దడికిని ఓర్చునని చదివినంతనే, ఇది మా సీమకు దగిన చెట్టేయని ఎవరికైనను దోచును. పెద్దమ్మ కూతురును అట్లే తలచినది.

మొదట తెచ్చిన విత్తనములను పెద్దమ్మ రేగడిలో జల్లి నీరు పోసినది. ఒక్కటియు మొలవలేదు. ఆ విత్తనములు పుట్టినచోట శీతకాలమంతయు తడినేలలో మంచుక్రింద బడియుండి, వసంతమున మొలచును. ఆ చలి తగులనిచో పెక్కుగింజలు మేలుకొనవు. ఈ సంగతిని కూతురు ఫోనులో జెప్పగా, పెద్దమ్మ మిగిలిన గింజలను తడియిసుకలో గలిపి, డబ్బాలో బెట్టి, నెలదినములు ఫ్రిజ్జులో నుంచినది. పిదప కావలంగుళము లోతున కుండీలలో నాటగా పండ్రెండు మొలచినవి. "పెరుగన్నం పక్కన ఇసుక డబ్బా ఏందని పనిమనిషి నవ్వింది" అని చెప్పి తానును నవ్వినది.

మొదటి వేసవిలో నాలుగు పోయినవి. మిగిలినవానిని మడిలో నాటగా, 2021 నవంబరు వానలకు పెరటిలో నీరు నిలిచి, అయిదు వేరుకుళ్ళి చచ్చినవి. "నీళ్ళు లేక చచ్చినవాటికంటే నీళ్ళు నిల్చి చచ్చినవే ఎక్కువ" అని పెద్దమ్మ మాట. ఆమె యంతటితో విడువలేదు. విఱిగిన నాపరాతి ముక్కలను చుట్టును బేర్చి, అడుగున గులకరాళ్ళు పోసి, మన్నులో మూడవవంతు ఏటి యిసుకయు, మాగిన పేడయెరువు కొంచెమును గలిపి, మోకాలియెత్తు మడి కట్టినది. మిగిలిన మూడు చెట్లను అందు నాటి, మొదళ్ళచుట్టు వేరుసెనగపొట్టు పఱచినది. 2022లో వానలు పడినపిదప ఆ మూడును పూచినవి. ఆ ఫొటోలను కూతురు చూచి యేడ్చినదట. మఱుసటి వేసవిలో, ఎండలు నలువదిమూడు డిగ్రీలు దాటిన దినములలో, పందిరి వేసి రెండుపూటల నీరు చిలికినను, మూడును ఒకదానివెంట నొకటి యెండిపోయినవి. రాత్రులుకూడ చల్లబడని వేడికి ఆ వేళ్ళు నిలువలేకపోయినవి. ఈ తుదిమాటను పెద్దమ్మ కూతురునకు జెప్పలేదు.

మఱునాడు మువ్వురమును పుష్పగిరికి బోయితిమి. కమలాపురమునకును కడపకును నడుమ, పెన్నయొడ్డున నున్న క్షేత్రమది. అమృతపు బొట్టు పడిన కొలనులో హనుమంతుడు కొండను వేయగా నది పూవువలె దేలినదనియు, అందుచే పుష్పగిరి యను పేరు వచ్చినదనియు అచ్చటివారు చెప్పుదురు. చెన్నకేశవస్వామి గుడి గోడలపై రామాయణ భారత కథలు శిల్పులు చెక్కినవి చూచి, యిసుకలోనికి దిగితిమి. ఏటి దిగువదారిలో ఒక బీడున, ఎవరును నాటని, నీరు పోయని ముండ్లచెట్టొకటి నీలివన్నె బంతులవంటి పూవులతో నిలిచియుండెను. అది బ్రహ్మదండి. మా చెల్లెలు వంగి చూచి, "పెద్దమ్మా, ఇదియు ఆ కుటుంబపు చెట్టే. దీని శాస్త్రనామము ఎకినాప్స్, ఆ గ్రీకుమాటనుండియే దీనికిని పేరు వచ్చినది" అని చెప్పెను.

పెద్దమ్మ దానిని జాలసేపు చూచినది. "అయితే దాని చుట్టమే మన బీట్లో ఉండాదన్నమాట. నేను ఇంట్లో పెట్టుకొని ఆరాటపడినా, ఇదేమో దిక్కులేకుండా పూస్తాండాది" అనినది. త్రోవలో మఱి మాటాడలేదు.

ఇంటికి వచ్చినపిదప చామంతి మడిని మాకు జూపి, దాని సంగతి చెప్పసాగినది. ఆ చామంతి ఆమె అత్తగారినాటిది. విత్తనముతో గాదు, పిలకలతో వచ్చిన వంశము. పూలకాలము ముగిసినంతనే చెట్టును జానెడెత్తున గోసివేయును. మొదట లేచిన పిలకలను కుండీలలోనికి దీసి, వేసవియంతయు వేపచెట్టు నీడలో నుంచి, మన్ను తడియారకుండ మాత్రము నీరు చిలుకును. ఆ నెలలలో అవి పెరుగవు, పూయవు, ప్రాణము నిలుపుకొనును. ఆషాఢమున తొలకరి పడినపిదప పిలకలను విడదీసి యెత్తుమడిలో అడుగున కొకటి నాటును. నాలుగు వారములకు చివుళ్ళు గిల్లినచో కొమ్మలు చీలి గుబురగును. పగళ్ళు కుఱుచయై రాత్రులు పొడుగైనప్పుడుగాని చామంతి మొగ్గ తొడుగదు. అందుచేతనే చలికాలమున పూచును. కడప, చిత్తూరు జిల్లాల రైతులు దీనిని పంటగ బెట్టుదురు. పేనుబంక పట్టినచో వేపగింజల కషాయము చల్లవలెను. నీరు మొదటనే పోయవలెను గాని ఆకులపై బోయరాదు. పెద్దమ్మ బియ్యము, కూరలు కడిగిన నీటినే దీనికి బోయును. పూలకొఱకని వేఱుగ బిందెడు నీరు తోడదు.

అప్పుడు మాకొక సంగతి తోచినది. చెట్టునకు నిద్ర వలయును. అమెరికా పూవు అచ్చట శీతకాలమున మంచుక్రింద నిద్రించును. నేలపై దాని జాడయే యుండదు. మన చామంతి వేసవిలో నీడను నిద్రించును. చలినిద్రకు బుట్టిన చెట్టును తెచ్చి, నిద్రకు చోటు లేని యెండలో నిలిపినచో, ఎంత ప్రేమతో బెంచినను అది యలసిపోవును. ఇది పెంచినవారి తప్పు గాదు. ఈ మాట పెద్దమ్మతో ననగా, "ఈ మాట పాపకు చెప్పల్ల" అనినది.

ఆ రాత్రి కూతురు ఫోను చేసినప్పుడు మేము ప్రక్కనే యుంటిమి. "పాపా, నీ పూలచెట్లు పోయినాయి. రెండేండ్లకు పైనే అయింది. నీకు కష్టమయితాదని చెప్పలేదు" అని పెద్దమ్మ చెప్పినది. అవతల కొంతసేపు చప్పుడు లేదు. పిదప కూతురు, "అమ్మా, నాకు తెలుసు. ఫొటో పంపమంటే మాట మార్చేదానివి గదా! నిన్ను బాధపెట్టడమెందుకని నేనూ అడగలేదు" అనినది. ఇద్దఱును నవ్విరి, ఇద్దఱికిని కండ్లనీళ్ళు. కూతురు తన పెరటిని చూపినది. తెల్లని మంచు తప్ప మఱేమియు లేదు; నల్లని యెండుకాడలు నాలుగు మంచులోనుండి పైకి లేచియున్నవి. పెద్దమ్మ ఫోనును చామంతి మడివైపు త్రిప్పినది.

సోదరీమణులారా! చల్లని కొండప్రాంతములందు గాని, బెంగుళూరువంటి మితమైన యెండ గల చోట గాని యున్నవారు ఎకినేషియాను పైని చెప్పిన తీరున నాటి చూడవచ్చును. గింజలకు నెలదినముల చలి, నీరు నిలువని యెత్తుమడి, మితమైన యెరువు: ఈ మూడును మఱవరాదు. మా సీమవంటి యెండనేలలో అమెరికా పూవే కావలెనన్నచో, అదే ఖండమున బుట్టినదియు, ఆ కుటుంబమునకే చేరినదియు నగు గైలార్డియా మేలు. దాని గింజలకు చలితో బనిలేదు. ఎండకును, ఇసుకనేలకును జంకదు. అన్నిటికంటె మేలు, మీ యింట పెద్దలు పెంచిన చామంతి పిలకను జారవిడువకుండుట. విత్తనము అంగడిలో దొఱకును. ఆ యింటి పిలక ఆ యింటనే దొఱకును.

మేము బయలుదేరునప్పుడు పెద్దమ్మ ఆఱు పిలకలను వేళ్ళతో దీసి, తడిగుడ్డలో జుట్టి, అరిటాకులో గట్టి యిచ్చినది. "వేసవికి నీడలో పెట్టండి. నీళ్ళు ఎక్కువ పోయవద్దండి" అని స్టేషనుకు బోవువఱకును చెప్పుచునే యున్నది. ఆఱింటిలో నాలుగు మా యింట వేళ్ళు దిగినవి. ఈ వేసవి గడచినగాని వాని మాట చెప్పలేము.