కోవా ఎప్పుడు, బర్ఫీ ఎప్పుడు?

మా సిరొంచలో మగపిల్లవాడు పుడితే కోవా పంచుతారు, ఆడపిల్ల పుడితే బర్ఫీ. ఇది మరాఠీవారి ఆచారం. కోవాను వారు ‘పేఢా’ అంటారు. ఆ మాట మన నోట పడితే అర్థం మారిపోయే ప్రమాదమున్నది గనుక నేను కోవా అనే వ్రాస్తున్నాను. ప్రాణహిత గోదావరిలో కలిసేచోట తరతరాలుగా ఉంటున్న మనకు రెండువైపుల అలవాట్లూ పట్టుబడినై.

జనన మరణాల రిజిస్టరు మా కచేరీలో నా బల్లమీదే ఉంటుంది. వచ్చిన తండ్రి చేతిలో పొట్లం చూస్తే చాలు, ఆయన నోరు విప్పకముందే ఏమని వ్రాయాలో నాకు తెలిసిపోతుంది. బర్ఫీ తెచ్చేవారు తక్కువ. ఆడపిల్లల తండ్రులు చాలామంది వట్టిచేతులతో వస్తారు. నేనూ ఏనాడూ అడగలేదు. కోవా మాత్రం అడిగి మరీ తిన్నాను, దాచడమెందుకు?

కిందటేడు మా అక్కయ్య కూతురు మూడవసారి నీళ్ళోసుకున్నది. మొదటి యిద్దరూ ఆడపిల్లలే. ఆమెను గోదావరి అవతలి ఊరికి యిచ్చాం. “మీ యింట అంతా ఆడసంతేనమ్మా” అని వియ్యపురాలు మా అక్కయ్య ముఖంమీదే అన్నది. మూడవ నెలలో ఆ పిల్ల నా దగ్గరకు వచ్చి, తల వంచుకొని, “మామయ్యా, నీకు మరాఠీ వచ్చు, నలుగురూ తెలుసు. ముందే చెప్పేచోటు ఎక్కడైనా ఉన్నదేమో కనుక్కోవూ?” అన్నది. ఆడపిల్ల అని తేలితే ఏం చేస్తారో తను చెప్పలేదు, నేను అడగలేదు.

రెండు రోజుల్లో చెబుతానని పంపించి, ఆ రాత్రి రిజిస్టరు సంగతే ఆలోచించాను. ఒక నెల ఏడుగురు మగ, ముగ్గురు ఆడ. మరొక నెల అందుకు తలక్రిందులు. ఇందులో వింత లేదు. నెలకు పది పురుళ్ళు వచ్చేచోట, సుమారు మూడు నెలల కొకసారి, ఒక పక్క ఏడో అంతకు మించో పడుతూనే ఉంటుంది. బొమ్మా బొరుసూ వేసి చూచినా అంతే. పది లక్షల పురుళ్ళు లెక్కపెడితే మాత్రం ఆ ఎగుడు దిగుడులన్నీ చదునై, 100 మంది ఆడపిల్లలకు 105 మంది మగపిల్లలు తేలుతారు. లండనులో జాన్ గ్రాంట్ అనే ఆయన 1662లోనే చర్చి పద్దులు చూచి మగపిల్లలే కొంచెం ఎక్కువని వ్రాశాడు. ఆయన బట్టల వర్తకుడు. పద్దులు వ్రాసేవాడికి ఆ సంగతి కొంత ధైర్యమిస్తుంది.

ఆ 105 అన్నిచోట్లా ఒక్కతీరుగా ఉండదు. ఆఫ్రికాలో చాలా దేశాలలో 103 దగ్గర ఉంటుంది. ప్రపంచ యుద్ధాల కాలంలో ఐరోపాలో మగ శిశువులు కొద్దిగా పెరిగారు. 1995లో జపానులో కోబే భూకంపం తరువాత తొమ్మిది నెలలకు అక్కడ కొద్దిగా తగ్గారు. గర్భంలో నిలిచేవారెవరు, జారిపోయేవారెవరు అన్నదానిమీద కూడా యిది ఆధారపడుతుంది. ఇవన్నీ వందకు ఒకటి రెండు తేడాలు. 2011 జనాభా లెక్కల్లో, ఆరేళ్ళలోపు మగపిల్లలు 1000 మందికి మన గడ్చిరోలి జిల్లాలో ఆడపిల్లలు 961 మంది. యిది ప్రకృతి లెక్కకు దగ్గరే. మహారాష్ట్రం మొత్తానికి 894. బీడు జిల్లాలో 807! ఏ భూకంపమూ చేయని పని అది.

మనవారు దీనికి పొంగిపోనక్కరలేదు. జిల్లాలో సగం మన పక్కనున్న గోండులు, మాడియాలవంటి గిరిజనుల పుణ్యం. వారిలో పిల్లకు ఓలి యిచ్చి తీసుకుపోతారు గాని కట్నం అడగరు. తక్కినది యంత్రం దూరం కావడం. ఇప్పుడు గోదావరిమీద వంతెన వచ్చింది, దూరమూ తగ్గింది.

మర్నాడే మేనకోడలితో చెప్పాను: కనుక్కోను. మహారాష్ట్రం దేశంలో అందరికంటె ముందు, 1988లో, దీనిమీద చట్టం చేసింది. దేశానికంతటికీ 1994లో వచ్చింది. అడగడమూ తప్పే, చెప్పడమూ తప్పే. పైగా బిడ్డ ఆడో మగో తేల్చేది తండ్రి బీజం, తల్లి కాదు. మొదటి ముగ్గురూ ఆడపిల్లలే అయ్యే యిళ్ళు ఎనిమిదింట సుమారు ఒకటి ఉంటుంది, అది ఎవరి వంశదోషమూ కాదు. అంతా విని, “ఇదంతా మా అత్తగారికి ఎవరు చెబుతారు మామయ్యా?” అన్నది.

ఆదివారం వంతెన దాటి పోయి అల్లుడితో చెప్పాను. నెమ్మదైనవాడు. “తెలుసు మామయ్యగారూ, ఇంటర్మీడియట్‌లోనే చదివాను” అన్నాడు. తెలిసీ, ఆరేళ్ళుగా తల్లి అంటున్నది వింటూ కూర్చున్నాడన్నమాట! నాకు వచ్చిన కోపం యింతా అంతా కాదు. కాని అడిగి కోవా తిన్న నోటితో ఏమంటాను?

పురుడు సిరొంచలోనే, మా అక్కయ్య యింట. ఆడపిల్ల. రెండు మాటలైనా అనకుండా వియ్యపురాలు చూచి వెళ్ళింది. జనన పత్రం కోసం అల్లుడు నా బల్ల ముందుకు వట్టిచేతులతో వచ్చాడు. నా డబ్బుతో అర కిలో కోవా తెప్పించి కచేరీలో అందరికీ పంచాను, బర్ఫీ కాదు. అతడూ ఒకటి తిన్నాడు.

పేరు గడి మాత్రం ఖాళీగానే ఉన్నది. నాయనమ్మ ఇంకా పేరు చెప్పలేదట. ఏడాదిలోపల రుసుము లేకుండా వ్రాయించుకోవచ్చు. నాలుగు నెలలు గడిచినై.