మాదరీ జబాన్ ఖానా

2011 ఫిబ్రవరి. జుమ్మా రోజు. గుసుల్ చేసి, కుర్తా వేసుకుని, మస్జిద్‌కి బయల్దేరబోతుంటే దర్వాజా తట్టిన చప్పుడు. తీస్తే ఎదురుగా ఒక మేడమ్. సర్కారీ బళ్లో టీచరట. భుజాన సంచి, చేతిలో ఒక పెద్ద కాగితం, దాని నిండా ఖానాలు.

"జనాభా లెక్కలకొచ్చాను సార్. రెండు నిమిషాలు."

కుర్చీ వేశాను. పేర్లు, వయసులు చకచకా రాసుకుంది. ఏడో సవాల్ మతం. అడగలేదు. అమ్మీ నఖాబ్, నా టోపీ చూసి రాసేసింది. అందులో తప్పేం లేదు. పదో సవాల్ మాతృభాష. అదీ అడగలేదు. "ఉర్దూ, ఉర్దూ, ఉర్దూ" అని తనలో తనే అనుకుంటూ రాసుకుంటూ పోతోంది.

లోపలి నుంచి మా బేగం వచ్చి నిలబడింది. "మేడమ్, నాది తెలుగండీ."

మేడమ్ తలెత్తింది. "అదేంటమ్మా, మీరు ముస్లింలు కదా?"

"ముస్లింలమే. మా అమ్మ నాతో తెలుగే మాట్లాడింది."

మేడమ్ నావైపు చూసింది. నేను గడియారం వైపు చూశాను. ఖుత్బా మొదలయ్యే వేళ. "ఏదో ఒకటి రాసెయ్యండి మేడమ్, పర్లేదు" అన్నాను.

ఆమె ఉర్దూ అనే రాసింది. బేగం మళ్లీ ఒక్క మాట అనలేదు. రాత్రి అన్నాల దగ్గర మాత్రం అంది: "మీకు పర్లేదు. ఆమె అడిగింది మా అమ్మ గురించి కదా."

ఆ మాటకి ఆరోజు నా దగ్గర జవాబ్ లేదు. ఇన్నేళ్ల తర్వాత ఈ రాత రాస్తున్నది ఆ జవాబ్ కోసమే.

*

మా బేగం వాళ్లది ఒంగోలు వైపు. దూదేకులోళ్లు. వాళ్ల నాయన దూది ఏకి, పరుపులు కుట్టి నలుగురు పిల్లల్ని పెంచాడు. ఇంట్లో నమాజు అరబ్బీలో, మిగిలిన బతుకంతా తెలుగులో. పీర్ల పండగ పాటలూ తెలుగే, పిల్లల్ని తిట్టే తిట్లూ తెలుగే.

మాది కర్నూలు. ఇంట్లో దఖ్నీ. "నక్కో", "హౌ", "కైకు" తోటే పెరిగాను. పదో తరగతి దాకా ఉర్దూ మీడియం, తర్వాత తెలుగు డిగ్రీ. కాలేజీలో మొదటి రోజు పక్క కుర్రాడు "సాయిబుకి తెలుగెందుకురా?" అన్నాడు. నవ్వాను గానీ ఆ ముల్లు ఇంకా ఉంది. ఇప్పటికీ ఎవరో ఒకరు "మీరు తెలుగు భలే మాట్లాడతారండీ" అని మెచ్చుకుంటారు. పుట్టిన నేల మీద మాట్లాడినందుకు మెచ్చుకోలు.

నాకు తగిలిన ముల్లు గురించి ఇంత చెప్పాను గదా, మేం గుచ్చిన ముల్లు సంగతీ చెప్పాలి. మా షాదీలో మా ఖాలా ఒకామె అందరూ వినేట్టు "లడ్కీకు ఉర్దూ నై ఆతీ కతే" అంది. ఉర్దూ రాకపోతే ముసల్మాన్‌గిరీలో ఏదో తక్కువైనట్టు. అటు వాళ్లకి ఉర్దూ మాట్లాడే ముస్లిం పరాయి, ఇటు మా ఖాలాకి తెలుగు మాట్లాడే ముస్లిం పరాయి. ఆ మేడమ్ కాగితం మీద రాసింది కూడా మా ఖాలా మాటే. నేను పర్లేదన్నాను.

*

నాలుగేళ్లు గడిచాయి. 2015 ఆగస్టులో మతాల వారీ లెక్కలు బయటికొచ్చాయి. అప్పుడు నేనున్న పేపర్లో ఆ రాత్రి డెస్కు మీద ఒకటే హడావుడి. ఒక సాథీ హెడ్డింగ్ పెట్టాడు: హైదరాబాద్‌లో తగ్గిన ముస్లింలు. 2001లో 41 శాతం, 2011లో 30 శాతం. ఇంకో సాథీ దగ్గర ఇంకో హెడ్డింగ్: హైదరాబాద్‌లో పెరిగిన ముస్లింలు. 41 నుంచి 43 శాతానికి.

ఇద్దరి అంకెలూ సర్కారీ అంకెలే. ఒక్కటీ కల్పించింది కాదు. మరి ఒకే షహర్లో ఒకే ఖౌమ్ ఒకేసారి పెరగడం, తగ్గడం ఎట్లా?

పట్టికలు ముందేసుకుని కూర్చున్నాను. తాళంచెవి గీతలో ఉంది. 43 శాతం హైదరాబాద్ జిల్లాది. జనాభా 39 లక్షల చిల్లర. 30 శాతం గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్‌ది. జనాభా 67 లక్షల పైన. 2007లో పాత కార్పొరేషన్ చుట్టూ ఉన్న 12 మున్సిపాలిటీలు, 8 పంచాయతీలు కలిపి గ్రేటర్ చేశారు. కూకట్‌పల్లి, ఎల్బీనగర్, మల్కాజ్‌గిరి, ఉప్పల్, కుత్బుల్లాపూర్, శేరిలింగంపల్లి... ఈ ఊళ్లన్నీ షహర్లోకి వచ్చేశాయి. ఈ శివార్లలో మొత్తం మీద మనవాళ్ల పాలు పాత షహర్లో కంటే చాలా తక్కువ. షహర్ పెద్దదయింది, శాతం చిన్నదయింది. చార్మినార్ పక్కన ఒక్క ముసల్మాన్ ఇల్లు ఖాళీ చేయలేదు. జిల్లాలో ముస్లింలు సుమారు 17 లక్షలయితే, గ్రేటర్లో 20 లక్షలు. మనుషులు ఎక్కువ, శాతం తక్కువ.

జిల్లాని జిల్లాతో, షహర్ని షహర్‌తో పోల్చాలి. అది కూడా అదే గీత ఉన్నప్పుడు. ఆ రాత్రి రెండు హెడ్డింగులూ ఆపించాను. లోపలి పేజీలో చిన్న వార్త వచ్చింది, ఎవరూ చదవలేదు. తెల్లారేసరికి రెండు రకాల అంకెలూ ఫోన్లలో తిరుగుతున్నాయి. ఒకటి భయపెట్టడానికి, ఒకటి ఏడిపించడానికి.

ఇంకో సంగతి. రాష్ట్రం సగటు ఏ ఊరి ముఖాన్నీ చూపించదు. 2011లో ఇప్పటి ఆంధ్రప్రదేశ్ వరకు తీసుకుంటే ముస్లింలు 7.3 శాతం. మా కర్నూలు జిల్లాలో 16 దాటి ఉంటే, శ్రీకాకుళం జిల్లాలో నూటికి ఒక్కరు కూడా లేరు. విజయవాడ షహర్లో నూటికి తొమ్మిది మంది. తెలంగాణ సగటు 12.7 అయితే, నిజామాబాద్ షహర్లో మూడోవంతు పైనే. అంకె వినగానే అడగాల్సిన మొదటి సవాల్ "ఎంత?" కాదు, "ఏ గీత లోపల?"

*

ఆ పట్టికలతో స్నేహం అయ్యాక, 2018లో భాషల లెక్కలొచ్చినప్పుడు నేరుగా ఉర్దూ పేజీ తెరిచాను. దిల్ ధక్ మంది.

దేశం మొత్తం మీద 2001లో ఉర్దూ మాదరీ జబాన్ అని చెప్పినోళ్లు 5.15 కోట్లు. 2011లో 5.07 కోట్లు. ఆ పదేళ్లలోనే ముస్లింల గిన్తీ 13.8 కోట్ల నుంచి 17.2 కోట్లకి పెరిగింది. ఖౌమ్ పెరుగుతుంటే జబాన్ తగ్గుతోంది. నేను చదివిన ఉర్దూ బళ్లో మా ఉస్తాద్ చాక్‌పీస్‌తో అలిఫ్ గీసే చెయ్యి గుర్తొచ్చి గొంతు పట్టేసింది.

తర్వాత మన దగ్గరి అంకెలు చూశాను. తెలంగాణలో ముస్లింలు 12.7 శాతం, ఉర్దూ 12.3 శాతం. ఆంధ్రలో ముస్లింలు 7.3, ఉర్దూ 6.5. రెండు ఖానాలూ దాదాపు ఒకదాని మీద ఒకటి పెట్టినట్టున్నాయి. అదే కేరళ చూడండి. నూటికి 26 మంది పైగా ముస్లింలు, వాళ్ల జబాన్ మలయాళం. తమిళనాడులో ముస్లింలు నూటికి దాదాపు ఆరుగురు, ఉర్దూ చెప్పినవాళ్లు ఇద్దరు కూడా లేరు.

మన దగ్గర ఉర్దూ నిజంగా ఇళ్లలో బతికే ఉంది. హైదరాబాద్ జిల్లాలో ఉర్దూ, తెలుగు రెండూ నూటికి నలభై పైనే. దాన్ని నేను కాదనను. కానీ ఊరూరా ఉన్న దూదేకులోళ్లు, కోస్తాలో తెలుగే మాట్లాడుకునే ముస్లిం ఇళ్లు, వీళ్లంతా ఆ కాగితంలో ఎటు పోయారు? కొందరు తామే ఇజ్జత్ కోసం ఉర్దూ అని చెప్పి ఉంటారు. ఎందరి దర్వాజా దగ్గర అడగకుండానే రాసి ఉంటారో! ఎందరు మొగుళ్లు గడియారం చూసి "పర్లేదు" అని ఉంటారో! ఒక ఇంటి సంగతి మాత్రం నాకు పక్కాగా తెలుసు.

మా అమ్మీ మాట్లాడే దఖ్నీకీ ఆ పట్టికలో వేరే పేరు లేదు. ఉర్దూ కిందే జమ. లంబాడీ వాళ్ల భాషనయితే హిందీ కింద కలిపేశారు. మన తాండాల్లో కూర్చుని వినండి, అది హిందీయో కాదో తెలుస్తుంది. ఖానాలు ఎవరు గీస్తే వాళ్లకి నచ్చిన చోట పడతాం మనం.

*

మాతృభాష అంటే ఏమిటని జనగణన వాళ్లు ఎన్యుమరేటర్ల పుస్తకంలో సాఫ్‌గా రాశారు. చిన్నతనంలో ఆ మనిషితో తల్లి మాట్లాడిన భాష. తల్లి పసితనంలోనే పోతే, ఆ ఇంట్లో ఎక్కువగా మాట్లాడిన భాష. మతం మాట లేదు, తండ్రి మాట లేదు. ఇది చదివినరోజు మా బేగం మాట మళ్లీ వినబడింది: "ఆమె అడిగింది మా అమ్మ గురించి కదా." పుస్తకం చదవకుండానే ఆమె సరిగ్గా చెప్పింది.

మరి మా బిటియా? 2011 తర్వాత పుట్టింది. వాళ్ల అమ్మ తెలుగులో జోకొట్టింది, తెలుగులో గోరుముద్దలు పెట్టింది. ఆ లెక్కన నా బిడ్డ మాదరీ జబాన్ తెలుగు. ఈసారి అదే రాయిస్తానని ఈమధ్య ఇంట్లో అన్నాను. అమ్మీ చేతిలో తస్బీహ్ ఆగిపోయింది.

"మేరీ పోతీ కీ జబాన్ తెలుగూ?"

"హౌ అమ్మీ. ఉసూల్ అదే."

"తూ ఉర్దూ స్కూల్‌లో చదివినోడివి గదరా. నువ్వే గిన్తీ తగ్గిస్తే ఆ స్కూళ్లు ఎవరు ఉంచుతారు?"

అమ్మీ భయం వట్టిది కాదు. తెలంగాణలో 2017లో, ఆంధ్రలో 2022లో రాష్ట్రమంతా ఉర్దూని రెండో అధికార భాష చేశారు. టీచర్ పోస్టులు అడగాలన్నా, బోర్డు మీద మన అక్షరాలు కావాలన్నా ముందు చూపించేది ఈ గిన్తీనే. ఒక్కొక్క ఇంట్లో ఒక్కొక్కరు జారిపోతే ఆ అంకె ఏమవుతుందో పట్టికలో చూసి వచ్చినవాణ్ణి నేను. చాలాసేపు మాట్లాడలేకపోయాను.

చివరికి ఇంతే చెప్పగలిగాను. "అమ్మీ, తప్పుడు గిన్తీతో బడి నిలబడదు. బడి నిలబడాలంటే పిల్లలు కావాలి. మన ఇంటి పిల్లకే అలిఫ్ బే రాదు. కాగితంలో ఉర్దూ అని రాసి, ఇంట్లో నేర్పకుండా కూర్చుంటే అది ఎవరిని మోసం చేసినట్టు?"

అమ్మీ జవాబ్ చెప్పలేదు. నాకూ సిగ్గేసింది. నేర్పనిది నేనే కదా. పేపర్, డ్యూటీ, రాత్రి షిఫ్టు అని ఇన్నేళ్లు సాకులు చెప్పాను.

ఇంకో సంగతి అప్పుడే గుర్తొచ్చింది. 2011 కాగితంలో మాతృభాష పక్కనే ఇంకో ఖానా ఉండేది: వచ్చిన ఇతర భాషలు, రెండు. మా ఇంట్లో మేడమ్ ఆ సవాలే అడగలేదు. అడిగుంటే నా పేరుకి తెలుగు పడేది, బేగంకి మా ఇంట్లో నేర్చుకున్న దఖ్నీ, ఉర్దూ పేరుతోనైనా, పడేది. మా ఇల్లు ఉన్నట్టుగా కాగితంలో కనబడేది.

*

2021లో జరగాల్సిన జనగణన కరోనాతో ఆగి, 2027కి పోయింది. ఫిబ్రవరిలో మనుషుల గిన్తీ. ఫోన్లో మనమే నింపుకునే వీలు కూడా ఇస్తున్నారు. 1931 తర్వాత మొదటిసారి అందరి కులమూ అడుగుతారు. అంటే మనల్ని కూడా. తెలంగాణ సర్కార్ 2024లో చేసిన ఇంటింటి సర్వేలో ముస్లింలు 12.56 శాతం అని తేలింది. అందులో 10.08 బీసీలు, 2.48 ఓసీలు. "ముస్లింలంతా ఒక్కటే" అని బయటివాళ్లూ అన్నారు, మన పెద్దలూ అన్నారు. అంకెలు అట్లా అనడం లేదు. దూదేకుల ఇంటి అల్లుణ్ణి, నాకది అంకెలు రాకముందే తెలిసుండాల్సింది.

కాబట్టి నా గుజారిష్ ఒకటే. ఈసారి ఆ మేడమో, ఆ సారో మీ దర్వాజా దగ్గరికి వచ్చినప్పుడు కూర్చోబెట్టండి. ఎండలో వంద ఇళ్లు తిరిగి వచ్చి ఉంటారు, చాయ్ ఇవ్వండి. ఇంట్లో ఆడవాళ్లని పిలవండి. ఎవరి జవాబ్ వాళ్లనే చెప్పనివ్వండి. రాసింది ఒకసారి చదివి వినిపించమనండి. జుమ్మా అయితే రేపు రమ్మనండి.

నిన్న రాత్రి డ్యూటీ నుంచి వచ్చేసరికి హాల్లో లైటు వెలుగుతోంది. బిటియా నోట్‌బుక్‌లో వంకర టింకరగా అలిఫ్, బే, పే. పక్కన అమ్మీ అద్దాలు పెట్టుకుని దిద్దుతోంది. నన్ను చూసి తల కూడా ఎత్తకుండా అంది:

"మాదరీ జబాన్ ఖానాలో దాని అమ్మ జబానే రాయించు. పక్క ఖానాలోది నా జిమ్మా."